"తోచినంత ఇవ్వండి" అంటే ఎంత? గినీ పిగ్ అడాప్షన్ గురించి

రెండోగిన్నె
రెండు ఆడ గినీ పిగ్‌లని తెచ్చుకోబోతున్నాం. పేరుకే పిగ్, నిజానికి ఎలుక జాతి చిన్న ప్రాణులు. అక్కాచెల్లెళ్లట. వదిలేసిన జంతువుల్ని చేరదీసి పెంచేవాళ్లకిచ్చే రెస్క్యూ ఇంట్లోనే నడిపే ఒకావిడ దగ్గర ఉన్నాయి. ఫారం నింపాం, కేజ్ ఫొటోలు పంపాం, ఆవిడ ఫోన్లో ముప్పావు గంట ప్రశ్నలు వేశారు. నా ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా అన్ని అడగలేదు. అన్నీ అయ్యాక డొనేషన్ ఎంతండీ అంటే "మీకు తోచినంత ఇవ్వండమ్మా" అన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. నాకేమీ తోచట్లేదు!

తక్కువిస్తే పిసినారి అనుకుంటారేమో. ఎక్కువిస్తే నెలాఖరుకి మాకే ఇబ్బంది. మా ఆయనేమో "షాపులో జంట ఎంతకి అమ్ముతున్నాడో అంతే ఇచ్చేద్దాం, గొడవ వదులుతుంది" అంటున్నారు. ఆ లెక్క నాకెందుకో నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో మాత్రం ఆయనకి చెప్పలేకపోతున్నా. శనివారం వెళ్తున్నాం. మీరంతా ఎలా తేల్చుకున్నారు?

గడ్డిమోపు
షాపు లెక్క వద్దు. షాపులో చవగ్గానే వస్తుంది, మిగిలింది వెట్ (పశువుల డాక్టరు) దగ్గర వడ్డీతో కట్టాలి. నేను షాపు నుంచి ఒక్కదాన్ని తెచ్చా. ఆరు వారాలు తిరిగేసరికి నాలుగయ్యాయి.

నిద్రలేని_హామ్‌స్టర్
ఒకటి కొంటే మూడు ఉచితం.

గడ్డిమోపు
నవ్వండి, నవ్వండి. పుట్టిన మూడింట్లో రెండు మగవి. మూడు వారాలకే మగపిల్లల్ని తల్లి దగ్గర్నుంచి తీసేయాలని ఎవరో చెప్పబట్టి బతికిపోయా. గినీ పిగ్ ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ కట్టగలదని నాకప్పుడు తెలీదు. ఇంకో నెల ఆగుంటే నేనే రెస్క్యూ పెట్టుకోవాల్సి వచ్చేది.

మోడరేటర్
ఒక్క మాట. ఎవరూ డబ్బు అంకెలు వేయకండి. ఇక్కడ తలా ఒక చోట ఉన్నాం, ఒకరికి వెట్ ఫీజు అయ్యేది ఇంకొకరికి మూడు నెలల గడ్డి ఖర్చు. పోయినసారి ఇదే విషయం మీద అంకెలు వేసి కొట్టుకున్నారు, ఆ చర్చకి తాళం వేయాల్సి వచ్చింది. కొలత చెప్పండి, మొత్తం చెప్పకండి.

పాతకాపు
మీ ఆయన లెక్క ఎందుకు కుదరదో నేను చెప్తా. ఎనిమిదేళ్లు ఇంట్లో ఫోస్టరింగ్ చేశాను, అంటే పెంచేవాళ్లు దొరికేదాకా రెస్క్యూ జంతువుల్ని నా దగ్గర ఉంచుకున్నాను, ఇప్పుడు నడుం సహకరించక మానేశాను. అందుకే లోపలి సంగతి తెలుసు.

ఒక గినీ పిగ్ అట్టపెట్టెలో వచ్చిందనుకోండి. మొదటి రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా వేరే గదిలో ఉండాలి. అంటే వేరే కేజ్, వేరే గిన్నె, వేరే చీపురు. ఆ గదిలోంచి ఈ గదిలోకి వచ్చే ప్రతిసారీ చేతులు కడగాలి, చొక్కా మార్చాలి. వీపు మీద చుండ్రులా పొట్టు రాలుతోందంటే గజ్జి పురుగు. అది ముదిరితే దురదకి గినీ పిగ్‌కి ఫిట్స్ వస్తాయి. ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు. మందు ఒక్క డోసుతో అయిపోదు, ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ వేయాలి. తర్వాత పళ్లు. అవి బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, వంకరగా అరిగాయంటే తిండి మానేస్తుంది. ఆడదైతే కడుపుతో ఉందా అన్నది ఇంకో టెన్షన్. 59 నుంచి 72 రోజులు మోస్తాయి, కాబట్టి వచ్చిన రెండు నెలలకి పైగా ఏదీ ఖాయంగా చెప్పలేం. రోజూ తూకం వేసి రాసుకోవడమే.

షాపువాడి ధరలో వీటిలో ఒక్కటీ ఉండదు. అందుకే ఆ రెండూ ఒక తక్కెడలో పెట్టి తూచేవి కావు.

నా కొలత ఇది: ఒక్కో జంతువుకి ఒక వెట్ విజిట్. మీకు దగ్గర్లో గినీ పిగ్‌లని చూసే డాక్టరుకి ఫోన్ చేసి కన్సల్టేషన్ ఎంతో అడగండి, దాన్ని రెండు చేయండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన జంతువైతే ఆ ఖర్చులో సగం కలపండి. ఫోన్ చేయడం వల్ల ఇంకో లాభం, ఆ డాక్టరు అసలు వీటిని చూస్తారో లేదో ఇప్పుడే తెలుస్తుంది. చాలామందికి కుక్కలూ పిల్లులూ తప్ప అలవాటుండదు.

రెండోగిన్నె
పాతకాపు గారూ, ఇది పట్టుకుని ఇంటాయనకి చూపించా. "చొక్కా మార్చాలా!" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. లొంగుతున్నట్టే ఉంది.

నాకెందుకులే
ఒక అనుమానం. డొనేషన్ అంటే ఇష్టంగా ఇచ్చేది కదా? "కనీసం ఇంత" అన్నాక అది ధరే. ధర అని బోర్డు పెట్టడానికి మొహమాటం దేనికి? "తోచినంత" అనడం, తీరా ఇచ్చాక మొహం మాడ్చుకోవడం. నాకు రెండుసార్లు జరిగింది ఇది.

పాతకాపు
ధర అనుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను ఇచ్చేటప్పుడు మొత్తం ముందే చెప్పేసేవాణ్ని. "తోచినంత" అంటే నిజంగానే చిల్లర చేతిలో పెట్టి వెళ్లినవాళ్లున్నారు, ఖరీదైన కార్లో వచ్చి మరీ.

కుందేలమ్మ
మొహం మాడ్చుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు లెండి. కానీ "తోచినంత" అనేవాళ్లలో చాలామందికి అడగడం చేతకాదు, అదీ అసలు సంగతి. జంతువుకి రాత్రంతా మేలుకుని సిరంజితో తిండి పెట్టగలరు, డబ్బు దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు.

నా కేసు చెప్తా. నా ఆడ కుందేలు రెస్క్యూలో ఆపరేషన్ అయ్యి వచ్చింది. వాళ్లు అడిగిన డొనేషన్ చూసి అప్పట్లో కొంచెం ఎక్కువే అనుకున్నా, మనసులో. ఏడాది తర్వాత మా తమ్ముడు తన కుందేలికి అదే ఆపరేషన్ చేయించాడు. బిల్లు చూశాక నాకు సిగ్గేసింది. నేనిచ్చింది అందులో సగం కూడా కాదు. ఆడ కుందేళ్లకి వయసు పెరిగే కొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది, అందుకే వయసులో ఉండగానే ఆపరేషన్ చేస్తారు. అంటే నాకు ఆపరేషన్ తగ్గింపు ధరకి దొరికింది, కుందేలు ఊరికే వచ్చింది.

లెక్కలపిచ్చి
పాతకాపు గారితో ఒక చోట విభేదిస్తా. జంటకి రెండింతలు అనడం నాకు నచ్చలేదు. అలా అంటే జనం ఏం చేస్తారు? "ఒక్కటే ఇవ్వండి చాలు" అంటారు. విడదీయకూడదనే కదా చాలా రెస్క్యూలు జంటకి కలిపి ఒకే మొత్తం పెడతాయి, ఒక్కదాని మీద కాస్తే ఎక్కువ ఉండేట్టు. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచడం చట్టప్రకారం కుదరదు. ఒంటరితనం వాటికి అంత పెద్ద విషయం. డొనేషన్ లెక్క దానికి అడ్డం రాకూడదు.

పాతకాపు
ఇది ఒప్పుకుంటా. ఇచ్చేవైపు నుంచి ఆలోచించి రాశా, అడిగేవైపు నుంచి మీరన్నదే సబబు. కానీ ఇక్కడ అడిగినావిడ ఎలాగూ జంటనే తెచ్చుకుంటున్నారు, ఆవిడ చేతిలో కవరు ఎంత మందం ఉండాలన్నదే ప్రశ్న. వెట్ దగ్గర ఖర్చు రెండింటికి రెండుసార్లే అవుతుంది.

నిద్రలేని_హామ్‌స్టర్
హామ్‌స్టర్ వాళ్లకి ఈ బాధ లేదు. సిరియన్ హామ్‌స్టర్లని కలిపి పెడితే కొట్టుకు చస్తాయి. ఒంటరివాళ్లం, ఒక్క డొనేషన్, హాయి.

అద్దెగది
మరి డబ్బు లేనివాళ్ల సంగతేంటి? నేను చదువుకునే రోజుల్లో మూడు పెంపుడు ఎలుకల్ని తెచ్చుకున్నా. వాళ్లు చెప్పిన మొత్తం నా దగ్గర లేదు. సగం ఇచ్చి, రెండు నెలలు ప్రతి ఆదివారం వెళ్లి కేజ్‌లు కడిగా. వాళ్లే ఒప్పుకున్నారు. పాత తువ్వాళ్లు, దుప్పటి ముక్కలు, పాత పేపర్లు మూటలు కట్టి తీసుకెళ్లేదాన్ని. మా బిల్డింగ్‌లో ఎవరింట్లో అట్టపెట్టె కనిపించినా వదల్లేదు.

నాకెందుకులే
ఇది నచ్చింది.

తెల్లకోటు
ఇక్కడ కొంచెం చేదు మాట అంటా, తిట్టుకోండి. వెట్ క్లినిక్‌లో రిసెప్షన్లో పనిచేస్తా. డొనేషన్ దగ్గర బేరమాడేవాళ్లు బిల్లు దగ్గరా బేరమాడతారు. కుందేలు 12 గంటలుగా ఏమీ తినట్లేదు, రెట్ట వేయట్లేదు అంటే అది ఎమర్జెన్సీ, పేగులు ఆగిపోతున్నాయని అర్థం. "రేపు జీతం పడ్డాక తెస్తాం" అంటారు. ఆ రేపటికి కుందేలు ఉండదు. డొనేషన్ కట్టలేని ఇంటికి జంతువుని ఇవ్వకూడదనే నేనంటా.

అద్దెగది
నా ఎలుకలు మూడూ ముసలివై పోయాయండీ. ఒకదానికి రొమ్ము గడ్డ వస్తే నేను ఫోన్ అమ్మేసి ఆపరేషన్ చేయించా. డొనేషన్ సగమే కట్టిన మనిషినే.

తెల్లకోటు
మీరు వేరు.

అద్దెగది
అందరూ "మీరు వేరు" అనే అంటారు, ఎదురుగా ఉన్నప్పుడు.

కుందేలమ్మ
ఇద్దరూ నిజమే చెప్తున్నారు. కార్లో వచ్చి చిల్లర పెట్టినవాడూ ఉన్నాడు, ఫోన్ అమ్మిన పిల్లా ఉంది. డొనేషన్ ఒక్కదాన్ని బట్టి మనిషిని తేల్చేయలేం. అందుకే ముప్పావు గంట ప్రశ్నలు.

గడ్డిమోపు
అసలు ఊరికే ఎందుకు ఇవ్వకూడదో కొత్తవాళ్లకి ఎవరైనా చెప్పండి.

చీపురుకట్ట
ఊరికే ఇస్తామంటే ఎవరు పడితే వాళ్లు వస్తారు. చిన్న జంతువులైతే మరీనూ. పాముకి మేతగా పట్టుకుపోయేవాళ్లు ఉంటారు.

పడగ_విప్పినవాడు
మళ్లీ మొదలెట్టారు. నేను పదేళ్లుగా పాములు పెంచుతున్నా. మేం గడ్డకట్టించిన ఎలుకల్ని కొని, కరిగించి పెడతాం. బతికున్న ఎలుక పాముని కరుస్తుంది, గాయం చేస్తుంది, ఎవరి గినీ పిగ్‌లూ మాకక్కర్లేదు. ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి, ఫారం నింపి, ఒక్కపూట మేత కోసం ఇంత తతంగం ఎవడు చేస్తాడు?

చీపురుకట్ట
అదే కదా నేనంటున్నది. ఫారం, డొనేషన్ ఉండబట్టే ఎవరూ చేయరు.

పడగ_విప్పినవాడు
...సరే, ఇది మీ పాయింటే.

నిద్రలేని_హామ్‌స్టర్
ఈ ఫోరమ్‌లో ఒకరు ఓటమి ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చీపురుకట్ట
ఇంకో సంగతి, రెండోగిన్నె గారికి. డబ్బు ముందే పంపకండి. మా పిన్ని కూతురు ఆన్‌లైన్లో ఒక కుందేలు పిల్ల ఫొటో చూసి "రిజర్వేషన్ డొనేషన్" పంపింది. తర్వాత రవాణా బోనుకి అన్నారు, పంపింది. తర్వాత టీకాకి అన్నారు. నాలుగోసారి అడిగినప్పుడు అనుమానం వచ్చి నాకు చూపించింది. ఆ ఫొటో వెతికితే పదిచోట్ల ఉంది, పది పేర్లతో! నిజమైన రెస్క్యూ వాళ్లు ముందు మిమ్మల్ని చూడాలంటారు, డబ్బు ఆఖర్న. జంతువు మీ చేతిలోకి వచ్చాక, కాగితం మీద సంతకం అయ్యాక ఇవ్వండి. రసీదు అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్లైతే ఆలోచించండి.

రెండోగిన్నె
ఆవిడ పైసా కూడా ముందు అడగలేదు. పైగా "నచ్చకపోతే ఒట్టి చేతులతో వెళ్లిపోండి, ఏమీ అనుకోను" అన్నారు.

పాతకాపు
మంచి గుర్తు. ఇంకోటి అడగండి: ఏ కారణంతో అయినా పెంచలేకపోతే వెనక్కి తీసుకుంటారా అని. తీసుకుంటాం అనేవాళ్లకి కాస్త ఎక్కువే ఇవ్వండి. గినీ పిగ్ ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది, అన్నేళ్లూ వాళ్లింట్లో ఒక కేజ్ మీకోసం ఖాళీగా ఉండాలన్నమాట.

లెక్కలపిచ్చి
వెనక్కిస్తే డొనేషన్ తిరిగి ఇస్తారా?

పాతకాపు
ఇవ్వరు, అడగకూడదు కూడా. అది అప్పటికే ఏ జంతువు కడుపులోకో గడ్డిగా వెళ్లిపోయి ఉంటుంది.

కీచుకీచు
డొనేషన్‌తో పాటు మనకి వచ్చేది ఇంకొకటుంది, ఎవరూ రాయలేదు. ఫోన్ నంబరు.

నా మొదటి గినీ పిగ్ తెలిసినవాళ్ల ఇంటి నుంచి ఊరికే వచ్చింది. వారం తిరక్కుండా తుమ్ములు మొదలయ్యాయి. అడగడానికి ఎవరూ లేరు. ఇంట్లో మనుషుల కోసం తెచ్చిన అమోక్సిసిలిన్ మిగిలుంది, చిన్న ప్రాణం కదా అని చిటికెడు కలిపి పెట్టాం. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్‌ల పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, విషం పుట్టించే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. మాకెవరు చెప్పారు? నాలుగో రోజు పోయింది. మా చేతుల్తో మేమే చంపుకున్నాం, ప్రేమగా.

రెండోది రెస్క్యూ నుంచి. ఒక రాత్రి పదకొండింటికి మూలుగుతోందని ఫోన్ చేస్తే ఆవిడ ఎత్తారు. "పొట్ట మీద వేలు పెట్టి కొట్టి చూడండి, డప్పులా మోగుతోందా?" అన్నారు. మోగుతోందన్నా. "చెప్పులేసుకోండి, నేను డాక్టరుకి ఫోన్ చేస్తా" అన్నారు. అది ఇప్పుడు నా ఒళ్లో కూర్చుని ఈ కీబోర్డు తీగ కొరకడానికి చూస్తోంది. నేనిచ్చిన డొనేషన్ ఆ ఒక్క ఫోన్‌కి చాలదు.

గడ్డిమోపు
తీగ తీసెయ్యండి ముందు.

కీచుకీచు
తీశా.

తెల్లకోటు
కీచుకీచు గారూ, ఆ మందు కేసు నెలకొకటి వస్తుంది మాకు. మీరొక్కరే కాదు.

నాకెందుకులే
సరే, నా మాట కొంచెం సడలిస్తున్నా. అయినా ఒకటి. కొన్ని "రెస్క్యూలు" ఉన్నాయి, ఎప్పుడు చూసినా నెల పిల్లలే ఉంటాయి, ముసలివి ఒక్కటీ కనపడవు, రంగును బట్టి డొనేషన్ మారుతుంది. వాటిని రెస్క్యూ అంటారా?

పాతకాపు
అనరు. వ్యాపారం అంటారు. నిజమైన చోట ఎప్పుడూ ఒక ముసలిదో, కన్ను పోయిందో, తల వంగిపోయిందో మూలన ఉంటుంది. అది కనిపించకపోతే నాకు అనుమానం.

అద్దెగది
ముసలివాటికి డొనేషన్ తగ్గించడం సబబేనా? ఎలుకలు రెండు మూడేళ్లే బతుకుతాయి. ఏడాదిన్నరది తెచ్చుకుంటే ఏడాది ఉంటుందేమో. చాలాచోట్ల వాటికి నామమాత్రంగా తీసుకుంటారు.

కుందేలమ్మ
సబబే. ముసలిదాన్ని తీసుకున్నవాళ్లు మందుల ఖర్చు నెత్తిన వేసుకుంటున్నారు. నేనైతే అలాంటివాళ్లకి ఎదురు డబ్బులిచ్చి పంపుతా.

లెక్కలపిచ్చి
రెండోగిన్నె గారూ, ఆచరణలో పెట్టేలా చెప్తా. ఒకేసారి పెద్ద మొత్తం కష్టమైతే రెండుగా చీల్చండి. చేతిలో ఒక వెట్ విజిట్ అంత. తర్వాత ఆరు నెలలపాటు నెలనెలా మీ గడ్డి ఖర్చులో పావు వంతు పంపండి. మీకు భారం తెలీదు, ఆవిడకి ఎప్పుడెంత వస్తుందో తెలుస్తుంది. రెస్క్యూలకి పెద్ద మొత్తం కన్నా ఖాయంగా వచ్చే చిన్న మొత్తం ఎక్కువ ఉపయోగం. పండగరోజు పది కవర్లు వచ్చి మిగతా నెలలు ఎండిపోతే గడ్డి బేళ్లు ఎలా కొంటారు?

గడ్డిమోపు
గడ్డే కొని తీసుకెళ్లొచ్చు కదా?

పాతకాపు
అడిగి తీసుకెళ్లండి. నాకు ఒకాయన ప్రేమగా మూడు బస్తాల దేవదారు పొట్టు తెచ్చాడు, కింద పరవమని. ఆ వాసన వాటి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఆయన ఎదురుగా థాంక్స్ చెప్పి, వెళ్లాక మొక్కలకి వేశా. ఇంకొకావిడ ఎండబెట్టిన పళ్లు, తేనె రాసిన కర్రలు తెచ్చారు. మా పిల్లలు తిన్నారు.

నిద్రలేని_హామ్‌స్టర్
తేనె కర్రలు ఎలా ఉన్నాయి?

పాతకాపు
గట్టిగా ఉన్నాయట.

రెండోగిన్నె
అందరికీ చాలా థాంక్స్. వెట్‌కి ఫోన్ చేశాను. మొదటి ఇద్దరూ గినీ పిగ్ అంటే "పందా?" అన్నారు. మూడో చోట చూస్తామన్నారు, ఫీజు చెప్పారు. రెండు విజిట్లు, ఒక నెల గడ్డి, ఇదీ కవర్లో పెట్టింది. ఇంటాయన కవరు మీద పేరు రాస్తుంటే "షాపు లెక్కకి మూడింతలయింది" అని సణిగారు గానీ పెట్టేశారు. రేపు వెళ్తున్నాం.

చీపురుకట్ట
పొట్ట కింద తిప్పి మగా ఆడా మీరూ ఒకసారి చూడండి. అక్కాచెల్లెళ్లు అన్నవి అక్కాతమ్ముళ్లైన కథలు ఇక్కడ బోలెడు.

గడ్డిమోపు
+1. ఈ విషయంలో నేను ప్రొఫెసర్ని.

రెండోగిన్నె
వచ్చాం. రెండూ ఆడవే, నేనూ చూశా, ఆవిడ కూడా చూపించారు. ఒకటి కేజ్‌లో గడ్డి కిందే ఉంది, ముక్కు తప్ప ఏమీ కనిపించట్లేదు. రెండోది క్యాప్సికం ముక్క లాక్కుని పారిపోయింది. విటమిన్ సి వాటి ఒంట్లో తయారవదు కాబట్టి రోజూ పెట్టాలని ఆవిడ మూడుసార్లు చెప్పారు.

జరిగింది చెప్తా. చిన్న ఇల్లు. ముందు గది నిండా కేజ్‌లు, వాసన లేదు, ఆశ్చర్యం. బల్ల మీద వంటింటి త్రాసు, దాని మీద ప్లాస్టిక్ గిన్నె, పక్కన పొడుగు నోట్‌బుక్. ఒక్కో జంతువుకి ఒక్కో పేజీ. తేదీ, బరువు, మందు, ఖర్చు, చివర్న "వచ్చింది" అని ఒక గడి. మావాళ్ల పేజీ చూపించారు. వచ్చినప్పుడు ఒకటి 610 గ్రాములు, ఇప్పుడు 840. గజ్జి పురుగుకి మందు మూడుసార్లు, వెట్ రెండుసార్లు. కూడి చూస్తే మేం కవర్లో పెట్టినదానికి కొంచెం ఎక్కువే. ఆవిడ కవరు తెరవలేదు, అలాగే నోట్‌బుక్‌లో పెట్టేశారు. మొహం మాడ్చుకోలేదు, నాకెందుకులే గారూ. రసీదు మాత్రం తనే రాసిచ్చారు.

నేను సంతకాలు పెడుతుంటే ఇంటాయన నోట్‌బుక్ పేజీలు తిప్పుతున్నారు. తర్వాతి పేజీలో ఒక మగది, నాలుగేళ్ల వయసు. మూత్రాశయంలో రాయి, ఆపరేషన్. ఖర్చు గడి మూడు వరసలు పట్టింది. "వచ్చింది" గడి ఖాళీ. అసలు ఆ పుస్తకంలో ఆ గడులు చాలా ఖాళీగానే ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు చెప్పులు వేసుకుంటూ "ఆ రాయి బాబు ఏడండీ?" అని అడిగారు. మూలన ఉంది, పొట్ట మీద బొచ్చు గీసేసి, గులాబీ రంగు చర్మంతో.

పాతకాపు
అనుమానం తీరింది. మూలన ఒకటి ఉంది.

తెల్లకోటు
రాయి ఆపరేషన్ అంటే మామూలు ఖర్చు కాదు. పైగా మళ్లీ వచ్చే అవకాశం ఉంటుంది. కాల్షియం ఎక్కువుండే ఆకుకూరలు, అల్ఫాల్ఫా గడ్డి తగ్గించి, నీళ్లు బాగా తాగించమనండి.

అద్దెగది
రెండోగిన్నె గారూ, మీ ఆయన ఫోన్ దాచేయండి. అమ్మేస్తారు.

రెండోగిన్నె
అంతపనీ జరిగేట్టుంది. ఇంటికొచ్చాక మూలనున్న ఆ రాయి పెద్దాయన మందుల కోసం నెలనెలా కొంత పంపుతానని ఆయనే ఆవిడకి మెసేజ్ పెట్టారు, నాతో చెప్పకుండా. లెక్కలపిచ్చి గారి పద్ధతే, గడ్డిలో పావు వంతు. ఇవాళ పొద్దున కేజ్ కొలుస్తున్నారు టేపు పట్టుకుని. ఎందుకండీ అంటే "ఊరికే" అన్నారు. అప్పుడే అర్థమైంది. ఆవిడని అడిగా, మీ పెద్దాయనకి డొనేషన్ ఎంతని. ఏమన్నారో తెలుసా?

నిద్రలేని_హామ్‌స్టర్
చెప్పొద్దు. చెప్పొద్దు.

రెండోగిన్నె
"మీకు తోచినంత."

గడ్డిమోపు
డబ్బు సంగతి తర్వాత. ఆయనకి మగతనం తీసే ఆపరేషన్ అయిందా? మీ దగ్గర ఇద్దరు ఆడాళ్లున్నారు.

రెండోగిన్నె
రాయి తీసినప్పుడే అదీ చేశారట. నోట్‌బుక్‌లో ఉంది. మూడు వారాలయింది.

గడ్డిమోపు
చాలదు. ఆపరేషన్ అయినా కొన్నాళ్లు పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఆరు వారాలు దాటాలి. ఇంకో మూడు వారాలు టేపు పక్కన పెట్టమనండి.